గోడలో నా మెలిక

వైర్‌మన్ లైసెన్సు పరీక్షకు చదువుకునే పిల్లలు ఈమధ్య ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను పట్టుకుంటున్నారు. నిబంధనలన్నీ వాళ్లకు కంఠస్థం. త్రీ పిన్ సాకెట్‌కు ఎదురుగా నిలబడి చూస్తే పైన ఎర్తు, కుడిపక్క ఫేజు, ఎడమపక్క న్యూట్రల్. ప్రతి సాకెట్‌కూ పక్కనే దాని సొంత స్విచ్చు. నిద్రలో లేపి అడిగినా తడబడరు. అంతా అప్పజెప్పేసి, "అవన్నీ సరే అంకుల్, అసలు పనెలా ఉంటుంది?" అంటారు.

పని బేరంలా ఉంటుంది. ఇంటాయన ఒక బోర్డు తగ్గించమంటాడు. ఇంటావిడ స్విచ్చు తలుపు వెనక్కి జరపమంటుంది. రంగులాయన గోడ కొట్టొద్దంటాడు. అందరూ తలా కొంచెం లాగుతుంటే మధ్యలో ఎవరికీ కనపడకుండా గోడలో పడుకుని ఉంటుంది ఎర్తు తీగ. దాని తరఫున మాట్లాడేవాడు ఆ ఇంట్లో ఒక్కడే ఉంటాడు. వాడు మీరే. నలభై ఏళ్ల పనిలో నేను ఆ ఒక్కడిగా ఉండాల్సిన చోట ఒకసారి లేను. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. మిగతావి దానికి దారి.

కొట్టు చదువు

మా నాన్నకు కోల్‌కతా దగ్గర సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల పక్కన కిరాణా కొట్టు ఉండేది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వేలోకి వచ్చిన మనవాళ్లందరికీ చింతపండు, కందిపప్పు, ఎండుమిరపకాయలు అక్కడే. నేను మాటలు నేర్చింది ఇంట్లో కాదు, ఆ కొట్టు గల్లా పక్కన. అందుకే ఈ వయసులో కూడా ఆటోవాడు చెప్పిన ధర ఒప్పుకుంటే ఆ రోజు నాకు అన్నం సయించదు. మా ఆవిడ సుగుణ అంటుంది, "ఈయన పరలోకం గుమ్మం దగ్గర కూడా కొంచెం చూసి వేసుకోండి అంటాడు" అని.

నాన్న చెప్పిన కిటుకు ఒకటుంది. "కొనేవాడు మరీ గట్టిగా బేరమాడితే పోట్లాడకు. నవ్వుతూ ఒప్పుకో. కంటికి కనపడేది తగ్గించకు. కనపడనిది తగ్గించు." అలా గట్టిగా బేరమాడిన వాళ్ల పొట్లంలోకి గింజలున్న చింతపండు వెళ్లేది. పైన మాత్రం నిగనిగలాడే పండు. ఇంటికెళ్లి పిసికితే గాని తెలియదు. మా నాన్న చెడ్డవాడు కాడు. చింతగింజ వల్ల ఎవరూ చావరు. ఆ కిటుకును నేను కరెంటు పనిలోకి తీసుకురావడమే తప్పు.

హారాధన్ దా

నాకు పని నేర్పినాయన హారాధన్ దా. బెంగాలీ. దా అంటే వాళ్ల భాషలో అన్న. సన్నగా, వెదురుబద్దలా ఉండేవాడు. మా కొట్టుకు ముప్పై ఏళ్లు వచ్చీపోయీ తెలుగు నేర్చుకున్నాడు. నేర్చుకున్న చోటు అది కాబట్టి ఆయన తెలుగంతా తూకంలోనే నడిచేది.

"రతన్! కరెంట్ పని కి అరకిలో భొయం కావాల. పావుకిలో తెలివి చాల. నీ దగ్గిర తెలివి రెండు కిలో, భొయం ఏటీ లేదు. పాడు దుకాణం నువ్వు!"

నా పేరు రత్నం. ఆయన నోట్లో అది రతన్ అయింది. తరవాత కోల్‌కతా అంతటికీ రతన్ దానే అయిపోయాను.

మా మేస్త్రీల భాషలో ఫేజు తీగను గరం అంటాం, న్యూట్రల్‌ను ఠండా అంటాం. వేడి తీగ, చల్ల తీగ. స్విచ్చు ఎప్పుడూ వేడి తీగ మీదే ఉండాలి. పుస్తకంలో ఒక వాక్యం అది. నాకు మాత్రం అది ఒక మాస్టారి మణికట్టు.

నాకు ఒంటరిగా అప్పజెప్పిన మొదటి పని ఉత్తర కోల్‌కతాలో పాతకాలం మేడ. ఇంటాయన రిటైరైన బడి మాస్టారు. గోడల్లో తీగలన్నీ ఒకటే నలుపు. టెస్టర్ పెట్టి చూడాలి. నేను చూడలేదు. రెండు కిలోల తెలివి ఉంది కదా, అందాజుగా కలిపేశాను. దీపం వెలిగింది, స్విచ్చు నొక్కితే ఆరింది. మాస్టారు మిఠాయి పెట్టారు, తిని వచ్చేశాను.

ఆ స్విచ్చు ఉన్నది చల్ల తీగ మీద. స్విచ్చు ఆపితే దీపం ఆరుతుంది. హోల్డరు దాకా కరెంటు మాత్రం వచ్చి కూర్చునే ఉంటుంది. నెల తిరక్కుండా బల్బు మాడింది. మాస్టారు జాగ్రత్తపరుడు, స్విచ్చు ఆపి మరీ స్టూలెక్కారు. హోల్డరులో వేలు తగిలింది. కింద పడి కుడి మణికట్టు విరిగింది.

హారాధన్ దా నన్ను తిట్టలేదు. మాస్టారి ఇంటికి తీసుకెళ్లి, "వీడు సాయంత్రం సాయంత్రం వస్తాడు. మీ ఉత్తరాలు వీడు రాస్తాడు" అని చెప్పి వెళ్లిపోయాడు. మాస్టారికి దేశమంతా శిష్యులు, రోజుకు రెండు ఉత్తరాలకు తక్కువ రాయరు. నాకా, బెంగాలీ మాట్లాడడం వచ్చు గాని రాయడం అంతంతమాత్రం. కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని ఆయన నా ఒత్తులు దిద్దేవారు. కట్టు విప్పేదాకా వెళ్లాను. ఈ రోజు నా బెంగాలీ దస్తూరి చూసి బ్యాంకులో వాళ్లు మెచ్చుకుంటే నాకు గుర్తొచ్చేది ఆ మణికట్టే.

కాబట్టి స్విచ్చు పని దీపం వెలిగించడం అనుకోకండి. వెలిగించడం ఎవడైనా చేస్తాడు. స్విచ్చు పని ఆపడం. ఆపాను అని మనిషి నమ్మాక, నిజంగా ఆగి ఉండడం.

రెండు ఇళ్లు

బడ్జ్ బడ్జ్‌లో జనపనార మిల్లు క్వార్టర్లలో ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడ టేబుల్ ఫ్యానుకు ప్లగ్గే లేదు. రెండు తీగల కొసలు సాకెట్ కన్నాల్లో దూర్చి, జారకుండా అగ్గిపుల్లలు దిగ్గొట్టింది. నేను హడలిపోయి, స్విచ్చూ సాకెట్టూ ఒకే పలకలో ఉండే కొత్త రకం బిగించాను. దాని కన్నాలకు లోపల చిన్న తలుపులుంటాయి. త్రీ పిన్ ప్లగ్గుకు ఎర్తు కాలు మిగతా రెండు కాళ్ల కన్నా పొడుగు. అది ముందు లోపలికి వెళ్లి ఆ తలుపులు తెరుస్తుంది. పిల్లలు పుల్ల పెట్టినా, మేకు పెట్టినా తలుపు తెరుచుకోదు. నా తెలివికి మురిసిపోయి వచ్చాను.

మళ్లీ వెళ్తే ఎర్తు కన్నంలో బాల్ పెన్ను నిలబెట్టి ఉంది. కింద మామూలుగా రెండు తీగలూ, రెండు అగ్గిపుల్లలూ.

"ఇదేటి పెద్దమ్మా?"

"నువ్వు తాళం ఎట్టినావు, తాళంసెవి ఇయ్యనేదు. నానే ఓ సెవి కనిపెట్టినాను బాబూ" అంది. మా నాన్న కొట్లో ఉండాల్సిన మనిషి.

ఆవిడను తప్పు పట్టలేదు. ఫ్యానుకు ప్లగ్గు లేదని చూసి కూడా ప్లగ్గు వెయ్యకుండా సాకెట్ మాత్రం మార్చి వచ్చింది నేను. ఇంటికి భద్రత బిగించి, అందులో ఉండే మనిషి అలవాటును వదిలేసి రావద్దు. ఆ రోజే ప్లగ్గు వేశాను. పెన్ను నా జేబులో పెట్టుకుని వచ్చాను. అదీ కొట్టు బుద్ధే.

రెండో ఇల్లు న్యూ టౌన్‌లో, పదిహేనో అంతస్తు. వరంగల్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ అబ్బాయి, కొత్తగా పెళ్లయింది. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ ఉంది. మేం దాన్ని లీకేజీ స్విచ్చు అంటాం. అది చేసే పని కొట్టు భాషలో చెబుతాను: వేడి తీగలో వెళ్లిన కరెంటు అంతా చల్ల తీగలో తిరిగి వస్తోందా అని చూస్తూ ఉంటుంది. కొంచెం తగ్గిందా, అది ఎక్కడో మనిషి ఒంట్లోంచి నేలలోకి పోతోందేమోనని క్షణంలో షట్టరు దించేస్తుంది. ఇంటికి ముప్పై మిల్లీ ఆంపియర్ల రకం పెడతాం.

"అంకుల్, అది ఊకె పడిపోతుండె. ఒక మిస్త్రీ వచ్చి దాన్ని తప్పించి డైరెక్ట్ చేసిండు. ఇప్పుడు మంచిగున్నది" అన్నాడు అబ్బాయి.

"మంచిగానే ఉంటుంది నాయనా. కాపలా కుక్క మొరుగుతోందని మూతికి గుడ్డ కట్టారు."

వెతికితే దొంగ గీజర్లో దొరికింది. లోపలి రాడ్ చిట్లి నీళ్లలోకి కరెంటు దిగుతోంది. ఆ అమ్మాయి రోజూ పొద్దున ఆ నీళ్లతోనే స్నానం చేస్తోంది. రాడ్ మార్చి, లీకేజీ స్విచ్చు మళ్లీ కలిపాక ఒక్కసారి కూడా పడలేదు. దాని మీద టెస్ట్ అని చిన్న మీట ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడమని చెప్పాను. నొక్కితే పడాలి. పడకపోతే కుక్క చచ్చిపోయిందని అర్థం.

అభిషేకం

ఇక అసలు సంగతి.

మా చర్చి చిన్నది. రైల్వే, పోర్టు మనుషులు చందాలతో కట్టుకున్నది. దాని వైరింగు నాదే. అప్పుడు నాకు కొత్తగా లైసెన్సు వచ్చింది. చర్చి తరఫున బేరమాడింది కరుణత్త. నాకు వరసకేమీ కాదు, సంఘంలో అందరికీ అత్తే. భర్త పోర్టులో సరుకులెత్తే వించ్ నడిపేవాడు, ఆవిడ ఇంటి ముందు ఎండుచేపలు అమ్మేది. నా జన్మలో నన్ను బేరంలో ఓడించిన మనిషి ఆవిడొక్కతే.

కరెంటు పని పాయింటుకింతని మాట్లాడుకుంటారు. దీపానికొక పాయింటు, ఫ్యానుకొకటి, సాకెట్‌కొకటి. కరుణత్త వేలు పెట్టి లెక్కపెడుతూ, "ఇది పాయింటు కాదు, ఇదీ కాదు. ప్రసంగం బల్ల దగ్గరున్నది దేవుని పాయింటు, దానికి కూలడుగుతావేట్రా?" అంటూ నన్ను నేలకు దించేసింది. నేను నవ్వుతూ ఒప్పుకున్నాను.

కనపడేది తగ్గించలేదు. ప్రసంగం బల్ల మెయిన్ బోర్డుకు ఆ చివర. అంత దూరం ఎర్తు తీగ లాగకుండా, సాకెట్ వెనకాల న్యూట్రల్ నుంచి ఎర్తు పిన్నుకు జానెడు తీగముక్కతో లంకె వేశాను. టెస్ట్ లాంప్ పెడితే ఎర్తు ఉన్నట్టే వెలుగుతుంది. ఎర్తు బాగుందని రిపోర్టు మీద సంతకం పెట్టాను. గింజల చింతపండు, పైన నిగనిగ.

తరవాత పనుల మీద పనులు. నిజం చెప్పాలంటే మరిచిపోయాను. మరిచిపోవడం కూడా ఒక రకం బేరమే.

నేను రిటైరయ్యాక మా చర్చికి కొత్త పాస్టరు వచ్చారు. విజయనగరం నుంచి వచ్చిన కుర్ర అయ్యగారు. పోయిన డిసెంబర్లో, బాప్తిస్మాల ఆదివారానికి మూడు రోజుల ముందు నన్ను పిలిపించారు. బల్ల పక్కనున్న బాప్తిస్మం తొట్టి కడిగి నీళ్లు నింపుతున్నారు. నేలంతా తడి.

"వందనాలు రత్నం గారూ. ఒక మాట. మైకు పెదాలకి తగిల్తే చిమచిమలాడుతోందండి."

"ఎప్పట్నుంచి?"

"నేనొచ్చినప్పట్నుంచీ ఉందండి. వానాకాలం ఎక్కువ. పాత అయ్యగారికీ ఉండేదట. పెద్దవాళ్లు అది అభిషేకం అంటున్నారు. నేను ఐటీఐ రెండేళ్లు చదివి ఈ సేవకొచ్చాను. నాకు మాత్రం అది కరెంటనే అనుమానం. కాదంటే విశ్వాసం లేదంటారు, అందుకే రుమాలు చుట్టి పట్టుకుంటున్నాను."

మైకు మెడకు మడతపెట్టిన తెల్ల రుమాలు ఉంది. ఈయన వచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను దాన్ని. చెమటకనుకున్నాను.

మీటరు తీసి ఒక మొన మైకు జాలీ మీద, ఇంకో మొన తడి నేల మీద పెట్టాను. నలభై ఓల్టుల దగ్గర ముల్లు ఊగుతోంది. మెయిన్ ఆపేసి, మైకు యాంప్లిఫయరు ప్లగ్గు పెట్టే బల్ల కింది సాకెట్ పలక విప్పాను. లోపల తీగముక్క.

నాది ఎడంచేతి వాటం. నేను తీగ మెలిపెడితే మెలిక ఎదురుదిక్కున తిరుగుతుంది. హారాధన్ దా చెప్పేవాడు, మేస్త్రీ మెలిక వాడి చేవ్రాలు, దాన్ని ఇంకొకడి పేరున చెలామణి చెయ్యలేవు అని. ఆ తీగముక్క మెలిక ఎదురుదిక్కున ఉంది.

దాని అర్థం మీకు చెప్పాలి. గోడలో ఎక్కడో న్యూట్రల్ జాయింటు తుప్పుపట్టి వదులవుతోంది. అందుకే చిమచిమ. ఆ జాయింటు పూర్తిగా ఊడిన రోజు దీపాలు ఆరిపోతాయి, ఫ్యాన్లు ఆగిపోతాయి. అందరూ లోడ్‌షెడ్డింగ్ అనుకుంటారు. కాని ఫ్యాన్ల మీదుగా వచ్చిన కరెంటుకు వెనక్కి దారి లేక, నేను వేసిన లంకె గుండా వచ్చి మైకులో నిలబడుతుంది. నలభై కాదు, పూర్తిగా. చీకట్లో, కరెంటు లేదనుకుని, తడి నేల మీద నిలబడిన మనిషి చేతిలో.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. నీళ్లలోంచి లేచిన మనిషి తడి బట్టలతోనే బల్ల దగ్గరికొచ్చి మైకులో ఒక్కమాట సాక్ష్యం చెప్పాలి. ఆ ఆదివారం ఎనిమిదిమంది చెప్పబోతున్నారు.

బేరం

కరుణత్త వచ్చింది. ఎనభై దాటిన మనిషి. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో చర్చి తాళాలు. పది రోజుల కిందటే గోడలకు రంగు వేయించింది.

"గోడ తెరవాలి అత్తా. మెయిన్ బోర్డు నుంచి ఇక్కడిదాకా మూడు తీగలూ కొత్తవి లాగాలి. బయట ఎర్తు గొయ్యి తవ్వాలి. లీకేజీ స్విచ్చు పెట్టాలి."

"ఏటి తెరవాల? గోడా? రంగింకా ఆరనేదు, సుత్తట్టుకొచ్చినావా? రిటైరైనోడివి ఇంట్లో కూకోనేవేట్రా?"

"మైకులో కరెంటొస్తోంది అత్తా."

"అది కరెంటు కాదు. నీకు తెల్దు."

నా దగ్గరున్న సరుకంతా పరిచాను. గోడ కొట్టను, కిందనుంచి ప్లాస్టిక్ కేసింగ్‌లో తీగలు తెస్తానన్నాను. గోడ రంగుదే తెస్తానన్నాను. కూలి వద్దన్నాను. అక్కడే దెబ్బతిన్నాను. కూలి వద్దన్న రత్నాన్ని ఆవిడ ఎన్నడూ చూడలేదు. కళ్లు చిన్నవి చేసి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఊరికే సేస్తానంతన్నావా? అయితే ఇందులో ఏదో ఉంది."

అయ్యగారు మధ్యలో సర్దబోయారు. "పోనీ అమ్మా, ఈ ఆదివారానికి తీగలేని మైకు అద్దెకు తెద్దాం. బ్యాటరీదండి, ప్రమాదం ఉండదు."

"అద్గదీ! అది తే. గోడ ముట్టుకోకండి" అంది కరుణత్త. బేరం ముగిసినట్టు కర్రతో నేల మీద కొట్టింది.

పిల్లలూ, ఇక్కడ నా మనసులో ఏం జరిగిందో దాచను. అమ్మయ్య అనుకున్నాను. ఎనిమిదిమందికీ ప్రమాదం తప్పింది. పలక మళ్లీ మూసేస్తే మెలిక గోడలోనే ఉంటుంది. నా సంతకం సంతకంలాగే ఉంటుంది. ఇంత లాభసాటి బేరం జీవితంలో తగల్లేదు. స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాను కూడా.

అప్పుడు కరుణత్త మైకు వైపు చూస్తూ మెల్లిగా అంది, "బుదవారం స్త్రీల కూడికలో నాకూ తగుల్తాది. మూతి మీద చిమచిమ. మీ మావయ్య పోయిన కాడ్నుంచీ బుదవారం కోసరవే సూస్తాను. ప్రెబువు ముట్టినట్టుంటాదిరా. నువ్వొచ్చి కరెంటంతావు."

బుధవారం స్త్రీల కూడికకు ముందు నేల తుడుస్తారు. ఆవిడ చెప్పులు గుమ్మం బయట విడిచి వస్తుంది. అద్దె మైకు సోమవారం వెళ్లిపోతుంది. బుధవారానికి మళ్లీ ఈ మైకే.

మెయిన్ ఆపే ఉంది. సాకెట్ వెనక నుంచి తీగముక్క కత్తిరించి తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

"ఇదేటి?"

"నేను దొంగిలించింది అత్తా. ఆ రోజు నువ్వు బేరమాడితే నవ్వుతూ ఒప్పుకున్నాను కదా. ఎర్తు తీగ లాగకుండా ఇది పెట్టాను. లాగినట్టు సంతకం చేశాను. ఆ చిమచిమ నాది. ప్రభువుది కాదు. ఈ రోజు దాకా ఎవరికీ ఏమీ కాకపోవడం మాత్రం ఆయనదే."

అయ్యగారు నేల చూపులు చూస్తున్నారు. కరుణత్త తీగముక్కను వేళ్ల మధ్య తిప్పింది. మెలికను గోటితో తడిమింది. చేపలు తూచిన వేళ్లు అవి. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నాను నీ కూలి తగ్గించినాను" అంది చివరికి. "తీగ తగ్గించమన్నానేట్రా?"

"లేదత్తా."

"తగ్గితే తగ్గిందని సెప్పాల. తూకం తగ్గితే నాను సెప్పీదాన్ని, ఈ రోజు సేప తడిగుంది, తరుగుంటాది అని. మీ నాయిన సెప్పనేదా?"

"మా నాన్న ఇంకోలా చెప్పాడు."

"మీ నాయిన సింతపండు నాకు తెల్దేటి?" అంది. నవ్విందో లేదో చెప్పలేను. కర్ర ఎత్తి కొత్త రంగు గోడను చూపించింది. "కొట్టీ. కేసింగూ గీసింగూ ఒద్దు. గోడలోనే పెట్టు. ఈసారి నాను కూకుని సూస్తాను."

కూర్చుని చూసింది. మూడు రోజులూ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కంట్లో సిమెంటు దుమ్ము పడుతున్నా కదలకుండా. ఫేజుకు ఎర్రది, న్యూట్రల్‌కు నల్లది, ఎర్తుకు ఆకుపచ్చది. ఆ పచ్చది ఎక్కడైనా కనపడకపోతే, "ఆకుపచ్చదేదిరా?" అని కర్ర ఆడించేది. నా పనిని అంత గట్టిగా తనిఖీ చేసిన ఇన్‌స్పెక్టరు ఇంకొకరు లేరు. అయ్యగారు చొక్కా చేతులు మడిచి తీగలు లాగారు. ఐటీఐ రెండేళ్లు వృథా పోలేదు. బల్ల దగ్గర స్విచ్చూ సాకెట్టూ లీకేజీ రక్షణా ఒకే పెట్టెలో ఉన్న రకం బిగించాను. తడి బట్టల సాక్ష్యాలకు మాత్రం ఎప్పటికీ బ్యాటరీ మైకే అని అయ్యగారి చేత ఒప్పించాను. ఎంత మంచి ఎర్తు ఉన్నా నీళ్లనూ తీగ మైకునూ ఒకచోట చేర్చకూడదు.

ఆదివారం ఎనిమిదిమందీ మునిగారు, లేచారు, వణుకుతూ సాక్ష్యాలు చెప్పారు. ఆరాధన అయ్యాక అయ్యగారి అనుమతి అడిగి నేనూ ఒకటి చెప్పాను. దాని వల్ల నా పరువు కొంత తగ్గింది. తగ్గిందని చెప్పే చోటే తగ్గింది కాబట్టి పెద్దగా నొప్పి లేదు.

బుధవారం

పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. బేరమాడండి. ఆడకపోతే ఈ ఊళ్లో బతకలేరు. కూలి తగ్గించుకోండి, గడువు పెంచుకోండి, స్విచ్చు పలకలు ఖరీదైనవి కాకుండా మామూలివి వెయ్యండి. ఎర్తు తీగ, స్విచ్చు ఉండాల్సిన తీగ, లీకేజీ స్విచ్చు, ఈ మూడింటినీ మాత్రం బేరంలో పెట్టకండి. అవి మీ సరుకు కాదు. వాటిని తీసేస్తే తప్ప కుదరదంటే పని వదిలేసి రండి. వదిలేసిన పనులు మనిషి నిద్ర చెడగొట్టవు.

ఆ బుధవారం నన్ను కూడా రమ్మని కరుణత్త కబురు పెట్టింది. స్త్రీల కూడికలో మగవాళ్లకు చోటు లేదు. గుమ్మం దగ్గర చెప్పుల పక్కన నిలబడ్డాను. నేల తుడిచిన తడి ఇంకా మెరుస్తోంది. కరుణత్త వట్టి కాళ్లతో నడిచి బల్ల దగ్గరికి వెళ్లింది. ముందు వంగి టెస్ట్ మీట నొక్కింది. టక్‌మని పడింది. ఎత్తి మళ్లీ పైకి పెట్టింది. చేపల తూకం చూసుకున్నట్టు నా వైపు చూసి తల ఊపింది. తరవాత మైకు మెడకున్న రుమాలు విప్పి మడతపెట్టి పక్కన పెట్టింది.

పెదాలు జాలీకి ఆనించింది. కళ్లు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. వీధిలో రిక్షా గంట వినపడింది. నేను ఆవిడ దగ్గర్నుంచి ఏం తీసేశానో అప్పుడు పూర్తిగా తెలిసింది.

కళ్లు తెరిచింది. మైకులోనే అంది, అందరికీ వినపడేలా.

"ఏటీ నేదురా రత్నం. సుబ్బరంగా ఉంది." గొంతు సవరించుకుంది. "ఇంక ఆయినే రావాల."

పాట ఎత్తుకుంది.